ప్లాట్ కొనే ముందు పక్క ట్యాంకులో ఏముందో అడిగారా?

ఈ ఎపిసోడ్ నాగార్జునసాగర్ హిల్ కాలనీలో షూట్ చేశాం. వెనకాల గాలి శబ్దం వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

ఇక్కడికే ఎందుకు వచ్చామంటే, చెప్తాను. 1955లో సాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన జరిగింది. డ్యామ్ కట్టే ఇంజినీర్లు, స్టాఫ్ ఉండటానికి ఈ కాలనీలు వచ్చాయి. హిల్ కాలనీ, కింద పైలాన్ కాలనీ. ఇల్లెక్కడ, బడెక్కడ, ఆస్పత్రెక్కడ, రోడ్డెటు అని ముందు కాగితం మీద గీశారు, తర్వాత కట్టారు. మన కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట అట్లా పెరగలేదు కదా. మన దగ్గర ముందు ఇల్లు వస్తుంది, తర్వాత రోడ్డు వస్తుంది, ఆ తర్వాత ఎప్పుడో మాస్టర్ ప్లాన్ వస్తుంది.

ఈరోజు టాపిక్ అదే. ఊరు పెరిగేటప్పుడు ఇళ్ళు ఎక్కడ రావాలి, ప్రమాదకరమైన యూనిట్లు ఎక్కడ ఉండాలి, ఈ రెండిటి మధ్య ఎంత దూరం ఉండాలి, దాన్ని ఎవరు చూస్తారు.

బోరింగ్ టాపిక్ అని స్క్రోల్ చేయకండి. ఇది నా దగ్గరికి టాపిక్‌లాగా రాలేదు. మా చిన్నాయన ఫోన్ కాల్‌లాగా వచ్చింది.

చిన్నాయన ప్లాట్

మాది కోదాడ దగ్గర. మా చిన్నాయనకి లారీ ఉండేది, అమ్మేశాడు. ఆ డబ్బుతో ఒక ఓపెన్ ప్లాట్ కొనాలని చూస్తున్నాడు. 150 గజాలు. వెంచర్ వాళ్ళు బ్రోచర్ ఇచ్చారు, లేఅవుట్ అప్రూవల్ చూపించారు. నాకు ఫోన్ చేసి, "నువ్వు బీటెక్ చదివినవ్, కంప్యూటర్ల పని చేసినవ్, ఈ కాగితాలు ఒకసారి చూడురా" అన్నాడు. అప్పటికే 50 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాడు.

కాగితాలు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత బండేసుకొని ప్లాట్ దగ్గరికి వెళ్ళాం. ప్లాట్ వెనక గోడ, గోడ అవతల ఒక కోల్డ్ స్టోరేజ్. పేరు చెప్పను, అవసరం లేదు. వాళ్ళేదో తప్పు చేశారని కూడా నేను అనట్లేదు. వాళ్ళు వచ్చినప్పుడు చుట్టూ పొలాలే.

నేనడిగాను, "చిన్నాయనా, కోల్డ్ స్టోరేజ్‌ని చల్లగా ఉంచేది ఏందో తెలుసా?"

"ఏసీ."

ఏసీ కాదు. మన దగ్గర పెద్ద కోల్డ్ స్టోరేజ్‌లు, ఐస్ ఫ్యాక్టరీలు ఎక్కువగా నడిచేది అమ్మోనియా మీద. మన ఇంట్లో ఫ్రిజ్ లాంటిదే, కానీ అందులో తిరిగేది అమ్మోనియా. ఘాటైన వాసన ఉంటుంది, కళ్ళు మండుతాయి. గాలిలో 300 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 300 భాగాలు దాటితే, ప్రాణానికి వెంటనే ముప్పు అని అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ లెక్క.

చిన్నాయన నన్ను చూసి నవ్వాడు. "ఇరవై ఏండ్ల సంది ఉన్నది అది. ఇప్పటిదాంక ఏం కాలే. ఇప్పుడేమైతది?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అందుకే కొన్ని వారాలు కూర్చొని చదివాను. ఆ చదివిందే ఈ ఎపిసోడ్.

ప్రమాదం వేరు, రిస్క్ వేరు

ముందు ఒక బేసిక్ తేడా. పులి ప్రమాదకరమైన జంతువు. అది బోనులో ఉందా, మీ ఇంటి వాకిట్లో ఉందా అన్నది రిస్క్. పులి అదే, రిస్క్ మారింది.

రిస్క్ తగ్గించడానికి మూడు దారులున్నాయి. ఒకటి, పులిని తీసేయడం, అంటే ఆ కెమికల్ బదులు ఇంకోటి వాడటం లేదా తక్కువ నిల్వ ఉంచడం. రెండు, బోను గట్టిగా చేయడం, అంటే వాల్వులు, సెన్సర్లు, అలారం, మెయింటెనెన్స్. మూడు, బోనుకి, మనుషులకి మధ్య దూరం ఉంచడం.

ఈ మూడోదాన్నే ల్యాండ్ యూజ్ ప్లానింగ్ అంటారు. మొదటి రెండూ ఫ్యాక్టరీ చేతిలో ఉంటాయి. మూడోది ఊరి చేతిలో ఉంటుంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మా టీమ్‌లో "బ్లాస్ట్ రేడియస్" అనే మాట రోజూ వాడేవాళ్ళం. ఒక సర్వర్ పోతే దాంతోపాటు ఇంకేమేం పోతాయి అని. సర్వర్ ఎప్పటికీ పోదు అని ఎవరూ డిజైన్ చేయరు. ఏదో ఒకరోజు పోతుంది, పోయినప్పుడు నష్టం చిన్నగా ఉండాలి అని డిజైన్ చేస్తారు. ఊళ్ళ విషయంలో మనం రివర్స్‌లో ఆలోచిస్తున్నాం. ఇప్పటిదాకా పోలేదు కాబట్టి ఇక పోదు అనుకుంటున్నాం.

వెంకటాపురం: ఎవరు ముందు వచ్చారు?

2020 మే 7. లాక్‌డౌన్ టైమ్. విశాఖపట్నం, ఆర్.ఆర్. వెంకటాపురం. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతం. ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంట్‌లో ఒక ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. ఆ వీడియోలు మీరందరూ చూసే ఉంటారు. రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ పడిపోయిన మనుషులు, పక్కనే పడిపోయిన పశువులు. 12 మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రి పాలయ్యారు.

స్టైరీన్ అంటే ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం. దానికో గుణం ఉంది. వేడెక్కితే తనలో తానే రియాక్ట్ అవుతుంది, అలా రియాక్ట్ అయినప్పుడు ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా రియాక్ట్ అవుతుంది. కోడింగ్ భాషలో ఇన్ఫినిట్ లూప్. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, రియాక్షన్ ఆపే ఇన్హిబిటర్ కలపాలి. లాక్‌డౌన్‌లో ప్లాంట్ ఆగింది. ట్యాంకు నిండుగా ఉంది. ట్యాంకు లోపల ఉష్ణోగ్రత పెరిగింది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ 2020 జులైలో రిపోర్ట్ ఇచ్చింది. చల్లదనం విషయంలో, ఇన్హిబిటర్ నిల్వ విషయంలో లోపాలు చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది: సైరన్ ఉంది, కానీ మోగించలేదు.

ఇంకో పాయింట్. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు. అది పొగలాగా పైకి లేచిపోదు. నేల మీద నీళ్ళలాగా పారుతుంది. పల్లంలో ఉన్న ఇళ్ళలోకి, నిద్రపోతున్న మనుషుల దగ్గరికి వెళ్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ ఇళ్ళు ప్లాంట్‌కి అంత దగ్గర ఎందుకున్నాయి?

ఆ ప్లాంట్ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. 1997లో ఎల్‌జీ చేతికి వచ్చింది. 1961లో అది నగరం బయట. తర్వాత నగరం పెరిగింది. కాలనీలు వచ్చాయి, అపార్ట్‌మెంట్లు వచ్చాయి, ప్లాంట్ నగరం లోపలికి వచ్చేసింది. ప్లాంట్ ఒక్క అడుగు కూడా కదల్లేదు. కానీ రిస్క్ మాత్రం బాగా పెరిగింది, ఎందుకంటే చుట్టూ మనుషులు పెరిగారు. చివరికి కమిటీ ఏం సిఫార్సు చేసింది? ప్లాంట్‌ని జనావాసాలకు దూరంగా తరలించాలని. అరవై ఏళ్ళ తర్వాత, 12 ప్రాణాల తర్వాత.

కామెంట్లలో చాలామంది, "ఫ్యాక్టరీ పక్కన ఇల్లు కట్టుకోమని ఎవరు చెప్పారు?" అంటారు. బాస్, నిజాయితీగా ఆలోచించండి. ఇల్లు కట్టుకునేవాడికి పర్మిషన్ ఇచ్చింది ఎవరు? కరెంట్ మీటర్ ఇచ్చింది ఎవరు? రిజిస్ట్రేషన్ చేసింది ఎవరు? పక్క ట్యాంకులో స్టైరీన్ ఉందని, అది నేల మీద పారుతుందని అతనికి చెప్పింది ఎవరు? ఎవరూ చెప్పలేదు. తెలియని రిస్క్‌ని ఎవరూ ఒప్పుకున్నట్టు కాదు.

ఇదొక్కటే కాదు

విశాఖలోనే 1997 సెప్టెంబర్ 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై మంటలు లేచాయి. దాదాపు 60 మంది చనిపోయారు. ఆ రిఫైనరీ 1957లో మొదలైంది. దాని చుట్టూ కూడా తర్వాత నగరమే.

2014 జూన్ 27, కోనసీమలో నగరం అనే ఊరు. గెయిల్ గ్యాస్ పైప్‌లైన్ తెల్లవారుజామున లీకై పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. అక్కడ పేలింది ఫ్యాక్టరీ కాదు, ట్యాంకు కాదు. నేల కింద పైపు, పైన ఇళ్ళు, కొట్లు, కొబ్బరి చెట్లు. అంతే.

ఇక భోపాల్. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి. యూనియన్ కార్బైడ్ ప్లాంట్ నుంచి మిక్ గ్యాస్. వేల మంది చనిపోయారు. మొదట దెబ్బ తగిలింది ప్లాంట్ గేటుకి రోడ్డు అవతల ఉన్న పేదల బస్తీలకే.

ఇక్కడ ఒక లిమిట్ కూడా చెప్పాలి. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా చనిపోయారు. వాళ్ళు అక్కడ పని చేస్తున్నవాళ్ళు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసెన్షియా ఫార్మా యూనిట్‌లో 17 మంది పోయారు. వాళ్ళూ లోపలివాళ్ళే. ఊరు ఎంత దూరంగా ఉన్నా వీళ్ళని కాపాడదు. దూరం గోడ బయటివాళ్ళ కోసం. గోడ లోపలివాళ్ళకి సేఫ్టీనే దిక్కు. కాబట్టి "ఫ్యాక్టరీని ఊరి బయట పెట్టాం, పని అయిపోయింది" అనుకుంటే అది కూడా తప్పే.

బయటి దేశాలు ఏం నేర్చుకున్నాయి?

1976 జులై 10న ఇటలీలో సెవెసో అనే ఊరి దగ్గర ఒక కెమికల్ ప్లాంట్ నుంచి డయాక్సిన్ అనే విషం బయటికొచ్చింది. దాని తర్వాత 1982లో యూరప్ ఒక చట్టం చేసింది, సెవెసో డైరెక్టివ్ అంటారు. అప్పట్లో అది ఫ్యాక్టరీ లోపలి భద్రత గురించే ఎక్కువ మాట్లాడింది.

1984లో రెండు జరిగాయి. నవంబర్‌లో మెక్సికో సిటీ పక్కన ఎల్‌పీజీ డిపో పేలి, చుట్టూ ఉన్న ఇళ్ళలో దాదాపు 500 మంది చనిపోయారు. రెండు వారాలకి మన భోపాల్. ఈ రెండిటినీ చూసి యూరప్ వాళ్ళకి అర్థమైంది, ఫ్యాక్టరీ ఒక్కటే కాదు, ఫ్యాక్టరీ చుట్టూ ఊరు ఎట్లా పెరుగుతుందో కూడా చూడాలని. 1996లో రెండో సెవెసో డైరెక్టివ్ వచ్చింది. అందులో ల్యాండ్ యూజ్ ప్లానింగ్ చేర్చారు. కొత్త ఫ్యాక్టరీ పెట్టినా, ఉన్న ఫ్యాక్టరీ మార్చినా, ఫ్యాక్టరీ పక్కన కొత్త ఇళ్ళు కట్టినా, మూడు సందర్భాల్లోనూ దూరం లెక్క చూడాల్సిందే.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. భోపాల్‌లో పోయింది మన వాళ్ళు. ఆ పాఠం చట్టమైంది యూరప్‌లో.

వాళ్ళు కూడా పర్‌ఫెక్ట్ ఏం కాదు. 2001 సెప్టెంబర్ 21న ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఏజెడ్ఎఫ్ ఎరువుల ఫ్యాక్టరీ పేలి 31 మంది చనిపోయారు. ఆ ఫ్యాక్టరీ కూడా 1920ల్లో నగరం బయట పెట్టిందే. వెంకటాపురం కథే, పేర్లు మాత్రం వేరు. ఆ తర్వాత ఫ్రాన్స్ 2003లో ఇంకో చట్టం తెచ్చింది. కొత్త ఇళ్ళని ఆపడమే కాదు, ఇప్పటికే ఉన్న ఇళ్ళ సంగతి కూడా చూసింది. బాగా దగ్గరున్న ఇళ్ళవాళ్ళు "మా ఇల్లు మీరే కొనండి" అని అడిగే హక్కు ఇచ్చింది.

బ్రిటన్ పద్ధతి నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అది సింపుల్ లాజిక్. ప్రమాదకర యూనిట్ చుట్టూ మూడు గీతలు గీస్తారు: లోపలి జోన్, మధ్య జోన్, బయటి జోన్. లోపలి గీత దగ్గర, ప్రమాదకరమైన డోస్ తగిలే అవకాశం ఏడాదికి పది లక్షల్లో 10. మధ్య గీత దగ్గర 1. బయటి గీత దగ్గర 0.3. తర్వాత కట్టేది ఏంటో చూస్తారు. గోడౌన్ అయితే లోపలి జోన్‌లో కూడా ఓకే. మామూలు ఇళ్ళయితే లోపలి జోన్‌లో వద్దంటారు. బడి, ఆస్పత్రి, వృద్ధాశ్రమం అయితే ఇంకా దూరం, ఎందుకంటే పిల్లలు, రోగులు, ముసలివాళ్ళు త్వరగా పరిగెత్తలేరు.

పది లక్షల్లో 10 అంటే చిన్న నంబర్‌లా ఉంది కదా? కానీ అది ఒక్క ఏడాదికి. ఇల్లు కట్టుకొని ముప్పై ఏళ్ళు ఉంటే పది లక్షల్లో 300. అంటే సుమారు 3,300లో ఒకటి. "ఇరవై ఏండ్ల సంది ఏం కాలే" అన్న మా చిన్నాయన మాటకి జవాబు ఇక్కడ దొరికింది. ఇట్లాంటి రిస్క్‌లో ఇరవై ఏళ్ళు ఏమీ జరగకపోవడమే మామూలు విషయం. దాన్ని బట్టి సేఫ్ అని చెప్పలేం.

మన చట్టాల్లో ఏముంది?

మన దగ్గర చట్టాలు లేవని అనుకోకండి. ఉన్నాయి. భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. కొత్తగా ప్రమాదకర ఫ్యాక్టరీ పెట్టాలంటే ఆ స్థలం తగినదేనా అని చూసే సైట్ అప్రైజల్ కమిటీ అప్పుడు వచ్చిందే. 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు వచ్చాయి. ఏ కెమికల్ ఎన్ని టన్నులు దాటితే ఆ యూనిట్‌ని "మేజర్ యాక్సిడెంట్ హజార్డ్" యూనిట్‌గా చూడాలో అందులో లిస్ట్ ఉంది. క్లోరిన్ 10 టన్నులు, అమ్మోనియా 60 టన్నులు, ఇట్లా.

ఆ లిస్ట్‌లోకి వచ్చిన యూనిట్ లోపలి కోసం ఆన్‌సైట్ ప్లాన్ రాయాలి. బయటి ఊరి కోసం జిల్లా యంత్రాంగం ఆఫ్‌సైట్ ప్లాన్ తయారు చేయాలి. ఏడాదికి ఒకసారైనా రిహార్సల్ చేయాలి. చుట్టుపక్కల జనానికి ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందే చెప్పాలి. ఇదంతా రూల్‌లో ఉంది. మీలో ఎంతమంది ఇట్లాంటి మాక్ డ్రిల్ చూశారు? కింద కామెంట్ చేయండి.

గ్యాప్ ఎక్కడుందంటే, ఫ్యాక్టరీ ఇళ్ళ దగ్గరికి వస్తుంటే అడిగే కమిటీ ఉంది. ఇళ్ళు ఫ్యాక్టరీ దగ్గరికి వస్తుంటే? సెవెసో లాగా దేశమంతటికీ ఒకే పద్ధతిలో, ప్రతి లేఅవుట్‌కీ "పక్కన ప్రమాదకర యూనిట్ ఉందా, దూరం ఎంత" అని తప్పనిసరిగా అడిగే వ్యవస్థ మనకి లేదు. పైప్‌లైన్లకి ఉంది: 1962 పైప్‌లైన్ల చట్టం ప్రకారం ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పేలుడు పదార్థాలకి, పెట్రోల్ నిల్వకి లైసెన్స్ దూరాలున్నాయి. కానీ మాస్టర్ ప్లాన్ గీసే ఆఫీసు ఒకటి, ఫ్యాక్టరీలని చూసే ఆఫీసు ఇంకోటి, కాలుష్యం చూసే ఆఫీసు మరొకటి. మూడు డేటాబేస్‌లు, మధ్యలో ఏపీఐ లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ బాధ అర్థమవుతుంది.

ఇంకో కన్ఫ్యూజన్ క్లియర్ చేస్తాను. "రెడ్ కేటగిరీ, ఆరెంజ్ కేటగిరీ" అని వింటుంటారు కదా, అది కాలుష్యం లెక్క. రోజూ వచ్చే పొగ, నీళ్ళు, చెత్త. ఒక్క రాత్రిలో జరిగే పెద్ద ప్రమాదం లెక్క అది కాదు. ప్రమాదం లెక్క పైన చెప్పిన టన్నుల లిస్ట్.

మరి మా చిన్నాయన ప్లాట్ వెనక కోల్డ్ స్టోరేజ్? అది 60 టన్నుల గీతకి చాలా కింద ఉండే సైజు. అంటే ఆ పెద్ద లిస్ట్‌లోకి రాదు. లిస్ట్‌లో లేదు కాబట్టి అమ్మోనియా ఘాటు తగ్గుతుందా? గోడ పక్కనే పడుకునేవాడికి టన్నుల లిస్ట్‌తో పనేముంది, గోడకి ఎంత దూరంలో ఉన్నాడన్నదే పని.

మన ఏరియా సంగతి

మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. ఒకప్పుడు ఊరి బయట రోడ్ల వెంబడి ఉన్న మిల్లుల మధ్యకి ఇప్పుడు ఊరు వచ్చేసింది. మిల్లులో పెద్ద కెమికల్ ట్యాంకులు ఉండవు, నిజమే. కానీ బాయిలర్ ఉంటుంది, పొట్టు, దుమ్ము ఉంటాయి. మూసి ఉన్న చోట గాలిలో ధాన్యం దుమ్ము దట్టంగా నిండితే, నిప్పు తగిలితే పేలుతుంది. హుజూర్‌నగర్, మేళ్ళచెరువు వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంట్. కొత్త ప్లాంట్ వస్తే కొత్త కాలనీలు వస్తాయి. ఉద్యోగం ఉన్నచోటే ఇల్లు చూసుకుంటాం, అది మనిషి తప్పు కాదు.

సూర్యాపేట, కోదాడ మధ్య నుంచి ఎన్‌హెచ్ 65 వెళ్తుంది. రాత్రీ పగలూ ట్యాంకర్లు. ఆ ట్యాంకర్ అంటే చక్రాల మీద కదిలే ఫ్యాక్టరీ. దాని వెనక, పక్కన ఒక బోర్డు ఉంటుంది, నాలుగు అంకెల యూఎన్ నంబర్‌తో. ఇది స్క్రీన్‌షాట్ తీసుకోండి: 1203 పెట్రోల్, 1202 డీజిల్, 1075 ఎల్‌పీజీ, 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్. ట్యాంకర్ బోల్తా పడితే దూరం నుంచే ఆ నంబర్ చూసి 112కి చెప్పండి. దయచేసి బిందెలు పట్టుకొని పెట్రోల్ కోసం పరిగెత్తకండి. 2017 జూన్‌లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర బోల్తా పడిన ట్యాంకర్ నుంచి పెట్రోల్ పట్టుకుంటుంటే మంట లేచింది. 200 మందికి పైగా చనిపోయారు.

ఇంకొకటి, సాగర్ వాళ్ళకి బాగా గుర్తుండే కథ. 2000ల మొదట్లో ఈ రిజర్వాయర్ పక్కనే లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం గనుల ప్రతిపాదన వచ్చింది. 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జనం గట్టిగా వ్యతిరేకించారు. ఖనిజాన్ని శుద్ధి చేసే ప్లాంట్‌కి ముందు అనుకున్న చోటు మల్లాపురం. హైదరాబాద్‌కి తాగునీరు ఇచ్చే అక్కంపల్లి రిజర్వాయర్ దాని దగ్గరే. తర్వాత ఆ చోటు మార్చి శేరిపల్లి అన్నారు. మీరు యురేనియంకి అనుకూలమో వ్యతిరేకమో నాకు అనవసరం. నేను చెప్పేది ఒక్కటే. "ఇక్కడే ఎందుకు?" అనే ప్రశ్న పునాది పడకముందే అడిగారు కాబట్టి చోటు గురించి చర్చ జరిగింది. వెంకటాపురంలో ఆ ప్రశ్న అడిగే ఛాన్స్ ఎవరికీ రాలేదు.

ప్లాట్ కొనే ముందు ఐదు పనులు

ఒకటి. లేఅవుట్ అప్రూవల్ చూస్తే సరిపోదు. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబర్ ఏ జోన్‌లో ఉందో, పక్క సర్వే నంబర్లు ఏ జోన్‌లో ఉన్నాయో చూడండి. మీది రెసిడెన్షియల్, గోడ అవతల ఇండస్ట్రియల్ అయితే, ఈరోజు ఖాళీగా ఉన్న ఆ జాగాలో రేపు ఏమైనా రావచ్చు.

రెండు. ఫోన్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి చుట్టూ రెండు కిలోమీటర్లు చూడండి. గుండ్రటి తెల్లటి ట్యాంకులు, బంతిలాంటి గ్యాస్ ట్యాంకులు, చిమ్నీలు పైనుంచి స్పష్టంగా కనిపిస్తాయి. పొలాల గట్ల మీద పైప్‌లైన్ మార్కర్ స్తంభాలు మాత్రం నడిచి చూడాలి.

మూడు. పెద్ద యూనిట్ అయితే దాని పర్యావరణ అనుమతి కాగితాలు పరివేష్ వెబ్‌సైట్‌లో వెతకండి. పర్యావరణ ప్రభావ నివేదికలో రిస్క్ అసెస్‌మెంట్ అని ఒక చాప్టర్ ఉంటుంది. లీకైతే ఎన్ని మీటర్ల దాకా ప్రభావం ఉంటుందో కంపెనీ వాళ్ళే అందులో రాస్తారు. మన దగ్గర దాదాపు ఎవరూ చదవని చాప్టర్ అది.

నాలుగు. పది రూపాయల ఆర్టీఐ. "మా జిల్లాలో మేజర్ యాక్సిడెంట్ హజార్డ్ యూనిట్లు ఏవి? ఆఫ్‌సైట్ ఎమర్జెన్సీ ప్లాన్ కాపీ ఇవ్వండి. చివరి మాక్ డ్రిల్ ఎప్పుడు జరిగింది?" మూడే ప్రశ్నలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఐదు. కాలనీకి బయటికెళ్ళే దారులు ఎన్ని? ఒక్కటే దారి ఉండి, అది కూడా ఆ యూనిట్ గేటు ముందు నుంచే పోతుంటే, ప్రమాదం వచ్చినరోజు మీరు ప్రమాదం వైపే పరిగెత్తాలి.

ఒకవేళ గ్యాస్ లీకైతే? గాలి ఎటు వీస్తుందో చూడండి, చెట్ల ఆకులు, జెండా, ఆరేసిన చీర, ఏదైనా చాలు. గాలితో పాటు పరిగెత్తకండి, గ్యాస్ కూడా మీతోనే వస్తుంది. గాలికి అడ్డంగా, పక్కకి వెళ్ళండి. ముక్కుకి తడిగుడ్డ పెట్టుకోండి. బరువైన గ్యాస్ అయితే పల్లం వైపు వెళ్ళకండి, ఎత్తుకి వెళ్ళండి. అమ్మోనియా గాలి కంటే తేలికే, కానీ ట్యాంకు నుంచి చల్లగా బయటికొచ్చేటప్పుడు పొగమంచులాగా నేల మీదే పాకుతుంది. అందుకని "అది పైకి పోతుందిలే" అనుకొని నిలబడకండి.

చివరికి ఏమైంది?

ఇదంతా చదివి చిన్నాయన దగ్గర కూర్చున్నాను. అరగంట చెప్పాను. మొత్తం విని ఒక మాటన్నాడు. "గోడకి దూరం ఉన్న ప్లాట్ గజానికి వెయ్యి ఎక్కువ చెప్తున్నరు. గా వెయ్యి నువ్విస్తవా?"

నవ్వుతూనే అన్నాడు కానీ, అది నవ్వే మాట కాదు. ప్రమాదం పక్కన భూమి చవకగా ఉంటుంది. చవకగా ఉన్నచోటే డబ్బు తక్కువున్నవాళ్ళు కొంటారు. భోపాల్‌లో గేటు ఎదురుగా ఉన్నది ఎవరో, వెంకటాపురంలో గోడ పక్కన ఉన్నది ఎవరో, అదే కథ. "చూసుకొని కొనుక్కోవాలి" అనే సలహా డబ్బున్నవాడికే పనికొస్తుంది.

చివరికి చిన్నాయన ఆ ప్లాట్ వదిలేశాడు. 50 వేల అడ్వాన్స్‌లో సగమే వెనక్కొచ్చింది. పిన్ని నాతో రెండు వారాలు మాట్లాడలేదు. ఇంకో వైపు 100 గజాలు తీసుకున్నారు.

నేను హ్యాపీగా ఫీలయ్యాను, ఒక రెండు నెలలు. మొన్న అటు వెళ్ళినప్పుడు చూశాను. గోడ పక్క ప్లాట్‌లో పునాది తీస్తున్నారు. ఎవరో కొన్నారు. ఒకావిడ చంకలో పిల్లాడిని ఎత్తుకొని మేస్త్రీతో మాట్లాడుతోంది.

మా చిన్నాయనని నేను తప్పించాను. ప్లాట్‌ని కాదు. అక్కడ ఇల్లు మాత్రం వస్తోంది, ఉండే మనిషి మారాడు. అప్పుడర్థమైంది నాకు, ల్యాండ్ యూజ్ ప్లానింగ్ అంటే ఎందుకు ఊరంతటి పని అన్నారో. ఒక్కొక్కరు తెలివిగా కొనుక్కుంటే రిస్క్ పోదు, ఇంకొకరి దగ్గరికి పోతుంది. ఆ స్థలంలో ఇల్లే రాకూడదని ముందే గీత గీస్తేనే పోతుంది. ఆ గీత అవతల గోడౌన్ రానివ్వండి, పార్కింగ్ రానివ్వండి, చెట్లు పెట్టండి. ఇళ్ళు మాత్రం ఇవతల ఉండాలి.

ఆవిడతో మాట్లాడాను. భయపెట్టలేదు. వెనక ఏముందో చెప్పాను, ఘాటు వాసన వస్తే ఎటు వెళ్ళాలో చూపించాను, కిటికీలు గోడ వైపు కాకుండా రోడ్డు వైపు పెట్టుకోమన్నాను. "ఇంతవరకు ఎవరూ చెప్పలేదు తమ్ముడూ" అంది.

మూడు ప్రశ్నల ఆర్టీఐ నేను వేశాను. జవాబు వస్తే స్క్రీన్ మీద పెట్టి చదువుతాను, ఇంకో ఎపిసోడ్ చేద్దాం. మీ ఊరి మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్ ఎప్పుడైనా బయటికొస్తే, అభ్యంతరాలు, సూచనలు అడుగుతారు. ఒక కాగితం మీద ఒక్క లైన్ రాసి ఇవ్వండి చాలు: "ఈ యూనిట్ చుట్టూ ఇళ్ళకి ఎంత దూరం పెట్టారు?"

ఈ ఎపిసోడ్‌ని ఇప్పుడు ప్లాట్ చూస్తున్న మీ బాబాయికో, అన్నకో, ఫ్రెండ్‌కో పంపండి. అడ్వాన్స్ ఇవ్వకముందే పంపండి. ఇచ్చాక పంపితే మీతో కూడా పిన్ని మాట్లాడదు.

ఉంటాను మరి, జాగ్రత్త.